సగం పార, నిండు పార

పక్కింటి అంకుల్ పోయారు. ఆ కబురు గురువారం పొద్దున హాస్పిటల్ నుంచి ఫోన్లో వచ్చింది. నర్సు నా పేరు పలకడానికి రెండుసార్లు ప్రయత్నించి, మూడోసారి ఆ ఆలోచన మానుకుని, "మీరు ఆయన మేనకోడలే కదా?" అని అడిగింది. నేను అట్లకాడ పట్టుకుని పొయ్యి దగ్గర నిలబడి ఉన్నాను. కాదమ్మా, పక్కింటిదాన్ని అని చెప్పబోయాను. కానీ ఆ పిల్ల ఏదో చెప్పలేక తటపటాయిస్తున్నట్టు అనిపించి, "అవును, చెప్పండి" అన్నాను. ఆమె చెప్పింది. పెనం మీద దోసె మాడిపోయింది. ఆయన ఇంట్లో ఉండి ఉంటే ఆ వాసనకి గోడ మీంచి తల పైకెత్తి, "మిసెస్ నెయిబర్, ఇవాళ ఏ ఊరు తగలబెట్టావు?" అని అడిగేవారు.

ఆయన హంగేరీలో పుట్టిన యూదుడు. ఎనభై నాలుగేళ్ళు. నేను తెనాలి దగ్గర పల్లెటూళ్ళో పుట్టినదాన్ని. మా ఇద్దరికీ మేనమామ, మేనకోడలు వరస ఎక్కడ కలిసిందో చెప్పాలంటే ఆరేళ్ళు వెనక్కి, లండన్ పక్కన ఇల్ఫర్డ్‌లో మేం ఇల్లు కొనుక్కున్న మొదటి వసంతానికి వెళ్ళాలి.

మా ఆయనది సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. ఆ ఇల్లు ఆయనకు నచ్చింది స్టేషన్ దగ్గరని. నేను ఒప్పుకున్నది వెనక గార్డెన్ ఉందని. ఊరెళ్ళినప్పుడు అమ్మ జేబురుమాల్లో మూటకట్టి ఇచ్చిన గోంగూర గింజలూ సొర గింజలూ రెండేళ్ళుగా సూట్‌కేసులోనే ఉన్నాయి. మొదటిసారి నాలుగు రోజులు వరసగా ఎండ కాయగానే షాపుకెళ్ళి పార కొనుక్కొచ్చాను. ఈ దేశపు పార చూడనివాళ్ళకు ఒక మాట చెప్పాలి. మన పారకు రేకు కర్రకు అడ్డంగా ఉంటుంది. ఎత్తి కొట్టి, మట్టిని మనవైపు లాక్కుంటాం. వీళ్ళ పార రేకు కర్రకు తిన్నగా ఉంటుంది. కాలితో తొక్కి నేలలోకి దింపాలి. ఆ సంగతి నాకెవరూ చెప్పలేదు. మా నాన్న పొలంలో కూలీలు కొట్టినట్టే, కొంగు నడుముకు చుట్టి, పార తలపైకెత్తి శక్తికొద్దీ నేలమీద వేశాను. రేకు వెల్లకిలా పడి ఫట్‌మని మోగింది. మోచేతుల దాకా జివ్వుమంది. నేల మీద గీత కూడా పడలేదు. నాకు ఒళ్ళు మండి మళ్ళీ ఎత్తాను.

"ఎవర్ని చంపుతున్నావు?" అని గోడ అవతలి నుంచి ఒక గొంతు వినిపించింది.

చూస్తే ఒక పొట్టి ముసలాయన. కోటు, టై, నెత్తిన టోపీ. తర్వాత తెలిసింది, చెత్తబుట్ట బయట పెట్టడానికి కూడా ఆయన టై కట్టుకునేవారని. "ఎవర్నీ చంపడం లేదు. గోంగూర వేస్తున్నాను" అన్నాను.

"అది ఎవరో నాకు తెలియదు గానీ, పాపం అనిపిస్తోంది" అన్నారాయన. "నేలను కొట్టకూడదు. అంచు ఆనించు. కాలు పెట్టు. నీ బరువు దాని మీద వదులు. ఇప్పుడు ఊపిరి తీసుకో."

చెప్పినట్టు చేశాను. పార చల్లగా లోపలికి దిగిపోయింది. అంత సులువా అని నోరెళ్ళబెట్టాను. మొహమాటం కొద్దీ, అలవాటు కొద్దీ, "థాంక్యూ అంకుల్" అన్నాను. ఆయన మొహంలో నవ్వు ఆగిపోయింది. మాట్లాడకుండా లోపలికెళ్ళి తలుపేసుకున్నారు. మూడు రోజులు బయటికి రాలేదు.

"ఇక్కడోళ్ళని అంకుల్ అనకూడదే. మిస్టర్ అనాలి. చెప్తే వింటావా నువ్వు?" అని మా ఆయన నా మీద లేచారు. కొత్త ఇంట్లో దిగి నెల కాలేదు, అప్పుడే పక్కింటాయనతో చెడిందని నాకు తిండి సహించలేదు. నాలుగో రోజు ఆయన ఒక మడత కుర్చీ పట్టుకుని బయటికొచ్చారు. కుర్చీ సరిగ్గా మా గార్డెన్ వైపు తిప్పి వేసుకున్నారు.

"మా ఊళ్ళో కూడా పిల్లలు పెద్దవాళ్ళందర్నీ అలాగే పిలిచేవాళ్ళు" అన్నారు. "ఈ దేశంలో నలభై ఐదేళ్ళుగా నేను మిస్టర్‌ని. అంతకుముందు నన్ను నిజంగా అలా పిలవాల్సినవాళ్ళు ముగ్గురుండేవాళ్ళు. నా అక్కల పిల్లలు. యుద్ధం అయ్యాక ఎవరూ లేరు." కుర్చీలో ముందుకు వంగి, "ఇంకోసారి అను" అన్నారు.

"అంకుల్" అన్నాను.

"బాగుంది. ఇక పని మొదలుపెట్టు. కబుర్లకి కాదు నేను కుర్చీ తెచ్చుకున్నది."

ఆ రోజు నుంచి ఆయన నాకు ఫోర్‌మన్. చేతిలో గాజు గ్లాసు, అందులో పాలు లేని టీ, పళ్ళ మధ్య చక్కెర బిళ్ళ. ఆయన ఇంగ్లీషు ఆయనది, నా ఇంగ్లీషు నాది. ఇంగ్లీషులో నువ్వూ మీరూ తేడా లేదంటారు గానీ, ఆయన మాట్లాడితే నాకు నువ్వు అనే వినిపించేది. మా అమ్మాయి అప్పటికి ఐదేళ్ళది. ఇక్కడే పుట్టింది కాబట్టి రాణిగారిలా మాట్లాడుతుంది. మా ఇద్దరి సంభాషణా కాసేపు విని, "మమ్మీ, మీరిద్దరూ ఏ లాంగ్వేజ్‌లో మాట్లాడుకుంటున్నారు?" అని అడిగింది.

తమాషా ఏమిటంటే, తవ్వకం గురించి అంత తెలిసిన ఆ మనిషి తన గార్డెన్ మొత్తం కాంక్రీటు పోయించేశారు. ఒక్క గడ్డిపరక లేదు. ఆయన భార్య బతికుండగా కుండీల్లో పూలమొక్కలు పెంచేవారట. కుండీలో మట్టి పొయ్యమంటే కూడా ఈయన పక్కవీధిలో ఎవరినో పిలుచుకొచ్చేవారట. నేను వెళ్ళేసరికి ఆ కుండీలు ఖాళీగా, గోడవారగా బోర్లించి ఉండేవి. గోడ దాటొచ్చి ఒక్కసారి చేసి చూపించండి అంకుల్ అని ఎన్నిసార్లు అడిగినా ఒకటే జవాబు. "నా తవ్వకం అయిపోయింది. నా వాటాకి వచ్చినదంతా ఇరవై రెండేళ్ళు నిండేలోపే తవ్వేశాను."

ఆ కథ ఒక్కరోజులో చెప్పలేదు. చిక్కుడు పాదుకు కర్రలు కడుతుంటే ఒక ముక్క, కలుపు తీస్తుంటే ఒక ముక్క చెప్పేవారు. రెండో ప్రపంచ యుద్ధంలో హంగేరీ సైన్యం యూదు కుర్రాళ్ళని కూడా పట్టుకుపోయిందట, కానీ తుపాకీ ఇవ్వలేదు. యూనిఫారం ఇవ్వలేదు. చేతికి పసుపు పట్టీ, నెత్తిన సైన్యం టోపీ, భుజాన పార. వెట్టిచాకిరీ పటాలం అన్నమాట. రైలుపట్టాల మీద మంచు తీయాలి, రోడ్లు వేయాలి, కందకాలు తవ్వాలి. ఆకలితో, దెబ్బలతో, చలితో తోటివాళ్ళు రాలిపోతుండేవారు. ఇదంతా ఆయన కౌన్సిల్‌వాళ్ళు చెత్త తీసుకెళ్ళే రోజు మార్చారని ఫిర్యాదు చేసే గొంతుతోనే చెప్పేవారు. నవ్వించేవి మాత్రం నిలబడి, చేతులు తిప్పి చెప్పేవారు.

"మా సార్జెంటుకి కళ్ళజోడు విరిగిపోయింది" అనేవారు. "మట్టి కనబడదు. పార ఎగరడం కనబడుతుంది. అందుకని మేం పార ఎగరేసేవాళ్ళం. సగం పార మట్టి, నిండు ఊపిరి. దించు, ఎత్తు, విసురు. దూరం నుంచి చూస్తే రాక్షసుల్లా పని చేస్తున్నట్టుంటుంది. అలా రెండు వారాలు తవ్వాం, రష్యా ట్యాంకుల్ని ఆపడానికి. మా జట్టే అందరికంటే బాగా కష్టపడుతోందని ఆ సార్జెంటు మాకు ఒక రొట్టె ఎక్కువ ఇప్పించాడు. కందకం నా మోకాలి దాకా వచ్చింది. నేనెంత ఎత్తో చూశావుగా. ట్యాంకు అటుగా పోతూ అక్కడ కందకం ఉందని గమనించనే లేదు. ఆ యుద్ధంలో నేను చేసిన గొప్ప పని అదే."

నాకూ అదే నేర్పారు. నేను ఉబలాటంగా పార నిండా మట్టి ఎత్తితే, కర్రతో గోడ మీద టకటకా కొట్టేవారు. "సగం. సగం. తొందర సార్జెంటుది, నీది కాదు." ఆయన చెప్పినట్టు చేస్తే నడుం నొప్పి రాలేదు, నిజమే. మూడేళ్ళపాటు గోంగూర మాత్రం మొలిచి, జానెడు పెరిగి, చలికి ముడుచుకుని పోయేది. సొరపాదు ఒక్కటే ఆయన మాట విన్నది. గోడెక్కి ఆయన కాంక్రీటు మీదికి దిగి అక్కడే కాయలు కాసేది. "నా దేశంలోకి అనుమతి లేకుండా వచ్చింది" అంటూ ఆ కాయలు కోసి మళ్ళీ నాకే ఇచ్చేవారు. కూర చేసి గిన్నె పంపితే మర్యాదగా తినేసి, "నీళ్ళని ఇంత బాగా వండేవాళ్ళని చూడలేదు" అని కబురు చేసేవారు.

ఒకసారి వీధంతా మంచు గట్టిపడి గాజులా అయింది. మెట్ల మీద చల్లడానికి ఉప్పుంటే ఇమ్మని గోడ దగ్గరికొచ్చి చెయ్యి చాపారు. నేను ప్యాకెట్టు ఆయన చేతిలో పెట్టకుండా గోడ మీద పెట్టాను. ఆయన తన చేతిని అటూ ఇటూ తిప్పి చూసుకుని, "నాకేమైనా జబ్బుందా?" అన్నారు. ఉప్పు చేతికిస్తే ఇద్దరికీ గొడవలొస్తాయని మావాళ్ళు అనుకుంటారని వివరించాను. ఆయనకెంత సంబరమో. "మాకు పార" అన్నారు. "సమాధిలో మట్టి వేసేటప్పుడు ఒకరి చేతిలోంచి ఒకరు పార తీసుకోం. నేలలో గుచ్చి వదిలేస్తాం. తర్వాతివాళ్ళు అక్కణ్ణుంచి తీసుకుంటారు. దుఃఖం చేతులు మారకూడదని." అప్పటి నుంచి నేను పార ఎప్పుడు పక్కన పెట్టినా నేలలో గుచ్చి పెట్టాల్సిందే. పడుకోబెడితే ఊరుకునేవారు కాదు. మా ఆయన ఇది చూసి, "మీ ఇద్దరూ ఒకళ్ళ చేతిలోంచి ఒకళ్ళు ఏం తీసుకోరు, ఇంత స్నేహం ఎట్టా కుదిరింది?" అని ఆశ్చర్యపోయారు.

మా ఆయనంటే అంకుల్‌కి ఇష్టమే గానీ ఆయన సూట్లంటే పడేది కాదు. ఎదురైనప్పుడల్లా భుజం దగ్గర గుడ్డ రెండు వేళ్ళతో పట్టుకుని, "నీ మీద ఎవరికి ఇంత కోపం?" అని అడిగేవారు. అంకుల్ ఈ దేశంలో బతుకంతా ఆడవాళ్ళ కోట్లు కత్తిరించారు. అదీ ఒక కథే. హంగేరీలో తిరుగుబాటు అణిచేశాక, యాభై ఆరులో, భార్యాభర్తలిద్దరూ ఒక సూట్‌కేసుతో చిత్తడి నేలల్లో నడిచి సరిహద్దు దాటారు. ఇంగ్లండు చేరాక శిబిరంలో ఒక ఆఫీసరు మంచి మనసుతో బొగ్గుగనిలో పని ఉందన్నాడట. "పార ఇస్తారా?" అని ఈయన అడిగారు. ఇస్తామన్నాడు. "అయితే నేను దర్జీని" అన్నారు. అప్పటికి సూదిలో దారం ఎక్కించడం కూడా రాదు. ఆ రోజంతా భార్య ఆయనతో మాట్లాడలేదట. మొదటి కోటుకు జేబు మూతి కింద వైపుకు వచ్చింది. యజమాని దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, నవ్వి నవ్వి, ఉద్యోగంలో ఉంచుకున్నాడు.

ఇన్ని నవ్వుల మధ్య ఒక్కటి మాత్రం ఒకేసారి చెప్పారు. దాన్ని నేనూ ఒకేసారి చెప్తాను. యుద్ధం చివరి చలికాలం వాళ్ళ పటాలాన్ని పడమటికి నడిపించారు. ఆయనతో దుప్పటి పంచుకున్న స్నేహితుడు దారిలో కూలిపోయి లేవలేదు. కాపలావాళ్ళు పాతిపెట్టమన్నారు. నేల గడ్డకట్టి ఉంది. ఏడాదిన్నరగా సగం పార ఎత్తిన మనిషి, ఆ రోజు నిండు పార ఎత్తాలని చూశారు. చేతుల్లో సత్తువ లేదు. కాళ్ళు కప్పారు. ముఖం కప్పారు. అంతలో కాపలావాడు, "చాలు, కదలండి" అన్నాడు. "మధ్యలో వదిలేసి నడిచాను" అన్నారు అంకుల్. "కోటు గుండీలు కనబడుతున్నాయి. అన్నీ మరిచిపోవచ్చు గానీ, గుండీలు ఎన్నో నాకిప్పటికీ తెలుసు." నేను చిక్కుడు తీగ పట్టుకుని అలాగే నిలబడిపోయాను. ఆయన గ్లాసులో మిగిలిన టీ కాంక్రీటు మీద పారబోసి, "సగం పార వాళ్ళ కోసం. నిండు పార మనవాళ్ళ కోసం. అది తెలుసుకో" అన్నారు. నాకు ఏడుపొచ్చింది. ఆయన ఎదురుగానే ఏడ్చాను. ఆయన వద్దనలేదు.

పోయినేడాది చివర్లో ఆయన ఆరోగ్యం దెబ్బతింది. జీపీ సర్జరీకి, అంటే మా పేట డాక్టరు దగ్గరికి, నేనే తీసుకెళ్ళేదాన్ని. ఒకరోజు అక్కడ మా వంతు కోసం కూర్చున్నప్పుడు, ఏదో బస్సు టైము అడిగినట్టు, "మీవాళ్ళలో ఆడవాళ్ళు శ్మశానానికి వెళ్తారా?" అని అడిగారు. వెళ్ళరని చెప్పాను.

"అయ్యో. ఆరేళ్ళు ట్రైనింగ్ ఇచ్చాను" అన్నారు.

నేను నవ్వాను. ఆయన నవ్వలేదు. అప్పుడు గాని నా మట్టిబుర్రకు తట్టలేదు, ఆ మనిషికి ఏం కావాలో. "ఇప్పుడు యంత్రం తెస్తున్నారు" అన్నారు. "పసుపుపచ్చది. వచ్చినవాళ్ళు తలా మూడు పారలు వేసి టీ తాగడానికి వెళ్ళిపోతారు. మిగతాది యంత్రం నింపుతుంది. నా పేకాట స్నేహితులు నలుగురే మిగిలారు. వాళ్ళకి ముక్కలు పట్టుకోవడమే కష్టం. నాకు యంత్రం వద్దు. తెలిసినవాళ్ళ చేతులతో, పైదాకా నిండాలి. గుండీలు కనబడకూడదు."

"నేనొస్తాను అంకుల్" అన్నాను. అన్నాక భయం వేసింది. మా వంశంలో ఏ ఆడమనిషీ ఆ గడప తొక్కలేదు.

ఇక గురువారానికి వద్దాం. వాళ్ళలో ఆలస్యం చేయరు. శనివారం వాళ్ళకు పవిత్రమైన రోజు కాబట్టి శుక్రవారం పదకొండింటికే అన్నారు. సరిగ్గా అదే శుక్రవారం మా ఆయన ఆఫీసులో ఏదో రిలీజ్. "నేను లేకపోతే సిస్టం మొత్తం పడిపోద్ది" అన్నారు. ఇంట్లో అత్తయ్య ఉన్నారు, ఆరు నెలల వీసా మీద తెనాలి నుంచి వచ్చారు. ఆవిడా అంకులూ గోడకు చెరోవైపు కూర్చుని, ఆవిడ తెలుగులో, ఆయన హంగేరియన్‌లో, గంటలు గంటలు మాట్లాడుకునేవారు. ఒకరి మాట ఒకరికి ముక్క అర్థం కాకపోయినా ఏ రోజూ మాటపట్టింపు రాలేదు. అయినా నేను శ్మశానానికి వెళ్తున్నాననగానే అత్తయ్య ముక్కున వేలేసుకున్నారు.

"ఆడది కాటికి పోవడమేందమ్మాయ్? ఎక్కడన్నా ఉందా?"

"మాటిచ్చాను అత్తయ్యా."

"మాటిస్తే మాత్రం. నువ్వాయనకి ఏమవుతావని?"

"హాస్పిటల్ కాయితాల్లో మేనకోడలినని రాయించుకున్నారంట. నర్సు చెప్పింది."

అత్తయ్య చిక్కుళ్ళకు ఈనెలు తీస్తూ కూర్చున్నారు. చివరికి, "మా అన్నయ్య పోయినప్పుడు నన్ను గుమ్మంలోనే ఆపేశారు" అన్నారు. "వీధి మలుపు దాకా కూడా చూడనియ్యలా. ఇప్పటికీ గుండెల్లో అట్టాగే ఉంది." కాయలు పక్కకు నెట్టి లేచారు. "మేనకోడలివని రాయించుకున్నాక పోకపోతే ఎట్టా? పోయిరా. వచ్చేసరికి గుమ్మం బయట బకెట్టుతో నీళ్ళు పెడతా."

శుక్రవారం వాన. ఇక్కడి వానకు రెండే కాలాలు, పడబోయేదీ, పడుతున్నదీ అనేవారు అంకుల్. ఆ రోజు రెండోది. అందరం కలిపి ఏడుగురం. నలుగురు పేకాట స్నేహితులు, వాళ్ళలో ఒకరి కూతురు, రబ్బీ, నేను. రబ్బీ అంటే వాళ్ళ గురువు, మా ఆయన కంటే చిన్నవాడు. కాస్త దూరంలో పొదల వెనక ఆ పసుపుపచ్చ యంత్రం ఉంది. దాని మీద డ్రైవరు తలమీద కోటు కప్పుకుని క్రిస్ప్స్, అదే ఆలూ చిప్స్, తింటున్నాడు. పెట్టె లోపలికి దించారు. రెండు పారలు మట్టికుప్పలో గుచ్చి ఉన్నాయి. రబ్బీ మృదువుగా, "ముందు కుటుంబంవాళ్ళు" అన్నాడు.

ఎవరూ కదల్లేదు. ఆ మాటకు జవాబు చెప్పేవాళ్ళు ఈ భూమ్మీద ఒక్కరూ లేరే అనుకున్నాను. అప్పుడు పేకాట స్నేహితుల్లో పొడుగాటాయన కర్రతో నావైపు చూపించి, "మేనకోడలు ఉంది కదా" అన్నాడు. "ఆరేళ్ళుగా మా చెవులు తినేశాడు, ఇండియా నుంచి ఒక మేనకోడలు దొరికిందని. పార పట్టుకుంటే చూడాలి, అంటాడు."

అందరూ నన్ను చూశారు. సల్వార్ కమీజు, దాని మీద రెయిన్‌కోటు, కాళ్ళకు గార్డెన్ బూట్లు. రబ్బీ ఒక్క క్షణం తెల్లబోయి, వెంటనే తేరుకుని పక్కకు జరిగాడు. నేను పార తీసుకున్నాను. మొదటిది రేకు తిరగేసి వేయాలని, ఇష్టంగా పంపడం లేదని చెప్పడానికట, అంకులే ఎప్పుడో చెప్పారు. తిరగేసి వేశాను. పిడికెడు మట్టే పడింది. తర్వాత రేకు సరిగా తిప్పి, అంచు ఆనించి, కాలు పెట్టి, ఊపిరి తీసుకుని, నిండుగా ఎత్తాను. జీవితంలో మొదటిసారి నిండు పార ఎత్తితే గోడ మీద కర్ర చప్పుడు వినిపించలేదు.

ముసలివాళ్ళు తలా మూడు వేశారు. అది వాళ్ళకు కొండ మోయడమే. అయినా ఒక్కొక్కరూ పారను నేలలో గుచ్చి, రెండో మనిషి అక్కణ్ణుంచి తీసుకుని, పద్ధతి తప్పలేదు. వాళ్ళయ్యాక చూస్తే పెట్టె ఇంకా సగం కనబడుతోంది. రబ్బీ ముసలివాళ్ళ తడిసిన భుజాల వంక చూసి, "చాలండి. మిగతాది వాళ్ళు చూసుకుంటారు" అన్నాడు. మంచి ఉద్దేశంతోనే అన్నాడు. కానీ ఆ 'చాలు' అనే మాట నాకు ఆ గడ్డకట్టిన రోడ్డు పక్కనుంచి, కాపలావాడి గొంతుతో వినిపించింది.

"చాలదు" అన్నాను. "నాకు యంత్రం వద్దు. మీరంతా కారులో కూర్చోండి. నేను నింపుతాను."

ఎవరూ కారులో కూర్చోలేదు. ఎన్ని పారలు వేశానో తెలియదు, వెనక బురదలో ఎవరో జారుతూ పరుగెత్తి వస్తున్న చప్పుడైంది. మా ఆయన. ఆ భుజాలు సరిగా లేని సూటూ, టై, మెడలో ఆఫీసు కార్డు. "రిలీజ్?" అన్నాను. "పడితే పడనియ్" అన్నారు. రెండో పార పీకి, పంచకట్టు కట్టిన కూలీలాగా తలపైకెత్తి మట్టికుప్ప మీద ఒక్కటి వేశారు. ఫట్‌మని మోగింది. ముసలివాళ్ళు ఉలిక్కిపడ్డారు.

"ఎవర్ని చంపుతున్నారు?" అన్నాను. నా గొంతులోంచి అంకుల్ మాట అలా వచ్చేసరికి నవ్వొచ్చింది, నవ్వుతో పాటే ఏడుపూ వచ్చింది. "అంచు ఆనించండి. కాలు పెట్టండి. ఊపిరి తీసుకోండి. నిండా ఎత్తండి."

ఇద్దరం నింపాం. నాకు చేతులు పడిపోతుంటే పార గుచ్చి పక్కకు జరిగాను. రబ్బీ తన నల్లకోటు విప్పి ఆ కూతురి చేతికిచ్చి, ఆ పార తీసుకున్నాడు. మా ఆయన ఆగితే నేను, రబ్బీ ఆగితే మా ఆయన, మధ్యలో ఆ కూతురు కూడా. పొడుగాటాయన కర్ర మీద ఆనుకుని, ఫోర్‌మన్ లేని లోటు లేకుండా, "ఆ మూల, ఆ మూల" అంటూ చూపిస్తున్నాడు. ముప్పావుగంట పట్టింది. నేల మట్టానికి వచ్చింది, తర్వాత ఇంకాస్త పైకి లేచింది. ఎక్కడా ఏమీ కనబడటం లేదు. అంతా మట్టే. నేను చుట్టూ తిరిగి రెండుసార్లు చూశాను.

చివరి పార నాదే. అది వేసేసరికి డ్రైవరు క్రిస్ప్స్ ప్యాకెట్టు జేబులో కుక్కుకుని దగ్గరికొచ్చి, సాయం చేద్దామని, పార కోసం చెయ్యి చాపాడు. నేను ఇవ్వలేదు. ఆ కొత్త మట్టి పక్కన నేలలో అంచు ఆనించి, కాలు పెట్టి, నా బరువంతా వదిలి, లోతుగా గుచ్చాను. తర్వాత చెయ్యి తీసేశాను. అతను ఏమనుకున్నాడో, టోపీ తీసి కాసేపు నిలబడి, వెళ్ళి ఇంజను స్టార్ట్ చేశాడు. పసుపుపచ్చ యంత్రం ఖాళీ తొట్టితో వచ్చిన దారినే వెనక్కి వెళ్ళిపోయింది. కారు ఎక్కాక అద్దంలోంచి చూశాను. పార వానలో అలాగే నిలబడి ఉంది.